గార్డు లేని బ్యాచ్

నేను ఒక అసెంబుల్డ్ కంప్యూటర్ని. కంపెనీ పేరు, గొప్ప వంశం, వారంటీ కార్డు నాకు లేవు. విజయవాడ గవర్నరుపేటలో ఒక ఇరుకు షాపులో ఎవరిదో డబ్బా, ఇంకెవరిదో బోర్డు, మరెవరో తిరగ్గొట్టిన హార్డ్ డిస్కు కలిపి నన్ను బిగించారు. కొటేషన్‌లో రాసింది ఒకటి, నా కడుపులో పెట్టింది ఇంకొకటి. కాబట్టి కొటేషన్ల గురించి నాకెవరూ పాఠాలు చెప్పక్కర్లేదు. ముందే చెబుతున్నాను, ఈ కథలో నెత్తురుంది. చూడలేని వాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు, నేనేమీ అనుకోను.

నన్ను మొదట కొన్నవాడు బస్టాండు దగ్గర నెట్ సెంటరు నడిపేవాడు. పరీక్ష ఫలితాలు వచ్చిన రోజున నా గతి చూడాలి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పినవాడల్లా వచ్చి నా నెత్తిన ఒక్కటిచ్చి పోయేవాడు. చేతుల్లోకి ఫోన్లు వచ్చాక ఆ సెంటరు మూతబడింది. అప్పుడు నన్ను ఆటోనగర్ పూర్ణయ్యగారు కొన్నారు. పూర్తి పేరు పూర్ణచంద్రరావు. పాడి రైతులకు గడ్డి కోసే మిషన్లు తయారు చేసే షెడ్డు ఆయనది.

ఆటోనగర్‌లో తెల్లారడం కొట్టడంతో మొదలవుతుంది. రేకును కొడతారు, కడ్డీని కొడతారు, పని చెడితే పక్కవాణ్ణి కొడతారు. పూర్ణయ్యగారిది మామూలుగానే దురుసు చెయ్యి. బ్యాంకువాడు విసిగిస్తే వెల్డరును కొట్టేవాడు, వెల్డరు ఎదురు చెబితే నన్ను కొట్టేవాడు. అత్త మీద కోపం దుత్త మీద చూపడానికి ఆ షెడ్డులో దుత్తలకు కొదవ లేదు. నన్ను షెడ్డు మూల అద్దాల గదిలో పెట్టారు. అక్కడినుంచి పనంతా కనబడేది.

నాలో ఒక సాఫ్ట్‌వేర్ పెట్టించాడాయన. కొనేవాడు వచ్చి తనకెలాంటి మిషను కావాలో చెబుతాడు. మోటారు ఎంతది, బ్లేడ్లు ఎన్ని, చక్రాలు కావాలా, ట్రాక్టరుకు తగిలించేదా, మూతికి గార్డు ఉండాలా, ఒక్కొక్కటీ ఎంచుకుంటే కొటేషన్ తయారవుతుంది. అవతలివాడు సరేనన్నాక ఒక్క మీట నొక్కితే ఆ కొటేషనే బ్యాచ్ అయిపోతుంది. ఎన్ని మిషన్లు చేయాలి, ఏ రోజుకు చేయాలి, ఒక్కోదానికి ఏ సామాను కావాలి అన్నది జాబితాగా స్టోరుకు పోతుంది. జాబితాలో ఉన్నది స్టోరు ఇస్తుంది, లేనిది దేవుడొచ్చి అడిగినా ఇవ్వదు. సామాను పక్కదారి పట్టకుండా పూర్ణయ్యగారే ఆ కట్టడి పెట్టించాడు.

గార్డు అంటే మరేం లేదు, గడ్డి పెట్టే మూతి మీద వంచి బిగించే ఇనుప రేకు. దాని కిందనుంచి గడ్డి పోతుంది, చెయ్యి పోదు. లోపల రెండు పళ్ల రోలర్లుంటాయి. అవి గడ్డిని పట్టి లాగుతాయి, వెనకాల బ్లేడ్లు కోస్తాయి. గడ్డి ఏదో చెయ్యి ఏదో ఆ రోలర్లకు తెలియదు, తెలుసుకునే ఓపికా వాటికి లేదు.

ఇక బేరం సంగతి. మొదటి కొటేషన్‌కు సరేనన్న కొనుగోలుదారుణ్ణి ఆటోనగర్ ఇంతవరకు చూడలేదు. అందుకని పూర్ణయ్యగారు మొదటి కొటేషన్‌లో గార్డు తీసేసేవాడు. రేటు తక్కువగా కనబడేది, మనిషి మెత్తబడేవాడు. అడ్వాన్సు ఇవ్వడానికి వచ్చినప్పుడు టీ తెప్పించి, "గార్డు కూడా పెట్టించుకోండి, పదికాలాలు ఉంటుంది" అని మాట కలిపేవాడు. సగం మంది ఒప్పుకునేవాళ్లు, సగం మంది వద్దనేవాళ్లు. నేను రాకముందు ఎవరు ఏమన్నా ఒకటే. షెడ్డు మేస్త్రి మస్తాన్‌వలీ ప్రతి మిషనుకూ గార్డు పెట్టే పంపేవాడు. మూతికి గార్డు లేని మిషనును ఆయన మొండి మిషను అని తిట్టేవాడు.

నేను వచ్చాక ఒకరోజు మస్తాన్ మేస్త్రి జాబితాలో ఉన్నదానికన్నా మందం రేకు వాడాడు. పూర్ణయ్యగారు అందరి ముందూ ఆయన తల్లిని తిట్టి, చెంప మీద కొట్టాడు. షెడ్డులో సుత్తులన్నీ ఆగిపోయాయి. మేస్త్రి గడ్డం తుడుచుకుని, ఇకనుంచి జాబితాలో లేని వాషరు కూడా ముట్టనని ఒట్టు పెట్టుకున్నాడు. ఒట్టు నిలబెట్టుకున్నాడు కూడా. మంచి మనిషికి పంతం పడితే చెడ్డవాడికన్నా ఎక్కువ చేటు చేస్తాడని నాకు అప్పుడు తెలియదు.

నా ముందు కూర్చుని కొటేషన్లు, బ్యాచ్‌లు చూసుకునేది ఎస్తేరు. రోజూ గుంటుపల్లి నుంచి బస్సులో వచ్చేది. నేను మొరాయిస్తే "ఏందిరా నీ బాధ?" అని అడిగేది, జవాబు రాకపోయినా అడిగేది. కొటేషన్‌ను బ్యాచ్ చేసే ముందు గార్డు గడిలో తనే టిక్కు పెట్టేది. ఓనరు గొణిగితే, "మీ లాభంలో తగ్గించుకోండి సార్" అనేది. ఆ టిక్కు దగ్గర మాత్రం ఆయన ఎందుకో పోట్లాడేవాడు కాదు. మేస్త్రి ఒట్టు పెట్టుకున్నాక ఎంతోమంది చేతులు ఆ టిక్కు మీదే నిలిచాయి.

అలాంటిది, డెల్టాలో ఒక పాల సంఘం నుంచి పెద్ద ఆర్డరు వచ్చింది. లారీ నిండా మిషన్లు. సంఘంవాళ్లు బేరంలో పండిపోయినవాళ్లు. కొటేషన్ మార్చి మార్చి రాయించారు, ప్రతిసారీ ఏదో ఒకటి రాలిపోయింది. చివరికి వాళ్లు సరేనన్న రోజున ఎస్తేరు లేదు. వాళ్లమ్మకు కంటి ఆపరేషను, ఆస్పత్రిలో ఉంది. పూర్ణయ్యగారు సంబరంగా కళ్లజోడు సవరించుకుని, ఒక్క వేలితో తనే మీట నొక్కాడు. గార్డు గడి ఖాళీగానే ఉంది. కొటేషన్ బ్యాచ్ అయిపోయింది, జాబితా స్టోరుకు పోయింది, షెడ్డులో సుత్తులు మోగాయి.

ఎస్తేరు తిరిగి వచ్చేసరికి మిషన్లు వరసగా లేచి నిలబడి ఉన్నాయి. నా తెర చూసి, అద్దంలోంచి ఆ బోడి మూతులు చూసి, పరుగున ఓనరు దగ్గరికి పోయింది.

"సార్, సంఘం బ్యాచ్‌కు గార్డులు లేవు."

"తెలుసులే. గార్డు మాటెత్తితే బేరం చెడేది. ట్రయల్ కానీ, అప్పుడు చూద్దాం."

"బ్యాచ్ ఆపి జాబితాలో కలుపుతాను సార్. స్టోరులో రేకుంది."

"ఆపితే షెడ్డు ఖాళీగా కూర్చుంటది. నువ్వు టైపు చెయ్యి, నేను షెడ్డు నడుపుతా."

అక్కడినుంచి మేస్త్రి దగ్గరికి పోయింది. "బాబాయ్, గార్డు లేకుండా ఎట్టా బిగిస్తున్నావు?"

"జాబితాలో ఉందా అమ్మాయ్?"

"లేదు."

"మరి నన్నడగమాక. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?" అని ఆయన రెంచి తిప్పుకున్నాడు.

మిషను తయారయ్యాక కొనేవాళ్లే తమ గడ్డి, తమ మనిషిని తెచ్చుకుని షెడ్డులో ఆడించి చూసుకోవడం ఆటోనగర్ ఆనవాయితీ. సంఘం తరఫున ఏడుకొండలు వచ్చాడు. పచ్చి జొన్న మోపులు ఆటోలోంచి దించి, లుంగీ ఎగగట్టి, మిషనుకు దణ్ణం పెట్టుకున్నాడు. ఏళ్ల తరబడి గడ్డి కోసిన చెయ్యి ఆయనది. ఊళ్లో ఆయన పాత మిషనుకు గార్డుంది. గడ్డిని మూతి దాకా ఒత్తడం, వేళ్లకు గార్డు తగలగానే వెనక్కి తీయడం ఆ చేతికి అలవాటు. కళ్లు ఎటు చూస్తున్నా చెయ్యి తన పని చేసుకుపోతుంది. ఎస్తేరు గది తలుపు తీసి, "అన్నా, కర్రతో నెట్టు, చేత్తో వద్దు" అని అరిచింది. మోటారు హోరులో ఆ మాట ఆయనకు చేరలేదు.

మొదటి మోపు నున్నగా పోయింది. అందరూ నవ్వారు. రెండో మోపు బిగుసుకుంది. ఏడుకొండలు మేస్త్రితో ఏదో సరదాగా మాట్లాడుతూ ఒత్తాడు. వేళ్లు గార్డు కోసం వెతుక్కుంటూ ముందుకు పోయాయి. తగలాల్సింది తగల్లేదు.

ఆ కేక మనిషి కేకలా లేదు. రోలర్లు ముందు వేళ్లను పట్టుకున్నాయి, తర్వాత అరచేతిని, తర్వాత మణికట్టును. వెనక చిమ్మే గొట్టంలోంచి పచ్చగా రాలుతున్న గడ్డి ఎర్రబడింది. ఇద్దరు ఆయన్ని నడుం పట్టుకుని లాగారు. వాళ్లు లాగేకొద్దీ మిషను ఇంకా గట్టిగా లాగింది. ఎస్తేరు మెయిను స్విచ్చు దగ్గరికి ఉరికి, చేతికందిన మీటలన్నీ కిందికి గుంజింది. అయినా మంచి ఊపు మీదున్న మిషను బరువు చక్రం వెంటనే ఆగలేదు. మేస్త్రి కత్తితో బెల్టు కోశాడు. అప్పటికి మోచేతి దాకా పోయింది. రోలర్లు విప్పి బయటికి తీసినప్పుడు మస్తాన్ మేస్త్రి అక్కడే కూలబడి వాంతి చేసుకున్నాడు. నా గది అద్దం మీద నెత్తుటి చుక్కలు జారుతున్నాయి. నాకు ఆ రోజు పూర్ణయ్యగారి వేలు విరిచేయాలనిపించింది.

మర్నాడు పొద్దున్నే ఏడుకొండలు అన్నదమ్ములు, ఊరివాళ్లు ట్రాక్టరు ట్రక్కులో దిగారు. గునపాలు, కర్రలు, గొడ్డళ్లు. గేటు తాళం ఒక్క దెబ్బకు ఎగిరిపోయింది. "నా తమ్ముడి చెయ్యి నమిలిన మిషను ఏదిరా?" అని పెద్దవాడు అరుస్తూ వచ్చాడు. చూపించక్కర్లేకపోయింది, దాని మీద ఇంకా ఈగలు ముసురుతూనే ఉన్నాయి. గునపాలతో దాన్ని పొడిచి పొడిచి పడేశారు. అడ్డం వచ్చిన మేస్త్రి తల పగిలింది. నిజానికి ఆయన అడ్డం రాలేదు, కొట్టమన్నట్టే చేతులు వేలాడేసి నిలబడ్డాడు. అద్దాల గది మీద రాళ్లు పడ్డాయి. ఎవడో నా డబ్బాను కాలితో తన్నాడు, సొట్ట పడింది. పూర్ణయ్యగారు మాత్రం మరుగుదొడ్లో దూరి లోపలినుంచి గడియ పెట్టుకుని, పోలీసులు వచ్చి పేరు పెట్టి పిలిచేదాకా బయటికి రాలేదు. అందరినీ కొట్టే మనిషి దెబ్బలకు ఎంత భయపడతాడో నేను కళ్లారా చూశాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కూడా ఒక తెలివే. ఇంకొకరి చెయ్యి కాలకుండా ఉంటుంది. పూర్ణయ్యగారు అదీ చేయలేదు. ఆయన లాయరు ఫోనులో ఏం చెప్పాడో ఏమో, ఫోను పెట్టేసి ఎస్తేరును పిలిచాడు.

"మిగతా మిషన్లు ఇయ్యాళే లారీ ఎక్కాలి. బిల్లు, నంబరు ప్లేట్లు తియ్యి."

"గార్డులు, సార్?"

"ఇప్పుడు గార్డు పెడితే, అది లేకపోవడం తప్పని మనమే ఒప్పుకున్నట్టు. అడిగినట్టే చేశాం, కొటేషన్‌లో లేదు. అంతే."

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. ప్రతి మిషను నంబరూ నా బ్యాచ్‌లోంచే పుడుతుంది. ఆ నంబరు ప్లేటు, దానికి సరిపడే బిల్లు లేకపోతే సంఘం సరుకు దించుకోదు. ఎస్తేరు అప్పటికే ఆ బ్యాచ్‌ను నిలిపివేత కింద పెట్టేసింది. దాన్ని విడిపించే పాస్‌వర్డు ఆమెకే తెలుసు.

"నేను తియ్యను సార్. ఇవి పోతే ఊరికో చెయ్యి పోతుంది. ఒకటి చాలదా మీకు?"

ఆయన చెయ్యి లేచింది. చెంప మీద పడ్డ దెబ్బకు ఆమె కుర్చీతో సహా పడింది. లేచేలోపు జడ పట్టుకుని నా ముందుకు ఈడ్చాడు. ఆమె చెయ్యి మెలితిప్పి, వేళ్లను నా మీటల మీద అదిమాడు. "కొట్టవే! పాస్‌వర్డు కొట్టు!" పగిలిన అద్దం ముక్కలు ఆమె మోకాళ్లలో దిగాయి. షెడ్డులో అందరూ చూస్తున్నారు. ఒక్కడూ కదల్లేదు. నేనూ కదల్లేదు, కాళ్లు లేవు కాబట్టి నాకొక సాకుంది.

"కొడతాను. వదలండి" అంది ఎస్తేరు.

ఆయన వదిలాడు. ఆమె కూర్చుంది, పెదవి మీది నెత్తురు చీరచెంగుతో తుడుచుకుంది. పాస్‌వర్డు కొట్టలేదు. నా వైర్లన్నీ ఒక్క గుంజుతో పీకేసి, నన్ను రెండు చేతులతో ఎత్తి, కిటికీ చట్రంలోంచి షెడ్డు నేల మీదికి విసిరింది. తర్వాత తనూ దూకింది. పక్కనే పడున్న సమ్మెట అందుకుంది. నాలో జ్ఞాపకమంతా ఎక్కడ ఉంటుందో ఆమెకు తెలుసు. వేరే చోట్ల కొట్టి టైము వృథా చేయలేదు. మొదటి దెబ్బకు డబ్బా చీలింది, రెండో దెబ్బకు హార్డ్ డిస్కు బయటపడింది, ఆ తర్వాతవి అది పొడి అయ్యేదాకా పడుతూనే ఉన్నాయి. ఆమె మీద నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఇన్నాళ్లూ నన్ను మనిషిలా పలకరించింది నువ్వే కదా, చివరికి నువ్వా, అనుకున్నాను. అయినా ఆ సమ్మెట ఆగకూడదనే కోరుకున్నాను.

నాలోని బ్యాచ్‌లు, కొటేషన్లు, నంబర్లు అన్నీ పోయాయి. కళ్లారా చూసినవి మాత్రం పోలేదు, అవి డిస్కులో ఉండవు కాబోలు. ఇంకోచోట ఒక నకలు దాచుకోండని సాఫ్ట్‌వేర్ పెట్టినవాడు మొదట్లోనే బతిమాలాడు. "నా రేట్లు పక్క షెడ్డువాడి చేతిలో పెడతావా?" అని పూర్ణయ్యగారు అతన్ని తరిమేశాడు. ఆ అనుమానమే ఇప్పుడు ఆయన లారీని గేటు దగ్గర ఖాళీగా నిలబెట్టింది.

"కేసు పెడతానే! జైల్లో కుళ్లుతావు!"

"పెట్టండి సార్. ఎందుకు పగలగొట్టావని జడ్జిగారు నన్నడుగుతారుగా. చెబుతా." సమ్మెట కింద పడేసి, కుంటుకుంటూ గేటు దాటి పోయింది. జీతం అడగలేదు, చెప్పులు కూడా వేసుకోలేదు. తర్వాత ఆమె ఎక్కడ పని చేస్తోందో నాకు తెలియదు. తెలిస్తే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

నన్ను ఊడ్చి, గేటు పక్క తుక్కు కుప్పలో పోశారు. అరిగిన బ్లేడ్లు, వంకర షాఫ్టుల మధ్య పడున్నాను. కొత్త కంప్యూటరు వచ్చి, అందులో అన్నీ మళ్లీ ఎక్కించేదాకా బిల్లు లేదు, నంబరు లేదు. పూర్ణయ్యగారు దాని కోసం గవర్నరుపేట చుట్టూ తిరుగుతున్నాడు. ఆ సందులో మస్తాన్ మేస్త్రి తల కట్టుతో స్టోరు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"రేకు కావాలి. సంఘం మిషన్లన్నిటికీ."

"జాబితా ఏదీ?" అన్నాడు స్టోరువాడు.

"జాబితా చచ్చింది. తాళం తియ్."

స్టోరువాడు ఆయన ముఖం చూసి తాళం తీశాడు. ఆ తర్వాత షెడ్డు చేసిన చప్పుడు నేను అంతకుముందు వినలేదు. ఎవడూ పాట పెట్టలేదు, ఎవడూ జోకులు వేయలేదు. రేకు కోశారు, వంచారు, బోల్టులు కాదని వెల్డింగే చేశారు. మేస్త్రి ఒక్కో గార్డునూ సుత్తితో బాది చూస్తున్నాడు. ఆ దెబ్బల్లో కొన్ని రేకు కోసం కాదనిపించింది నాకు. మధ్యమధ్యలో కళ్లు తుడుచుకుంటూనే బాదాడు.

పూర్ణయ్యగారు కొత్త కంప్యూటరుతో దిగేసరికి ఒక్క మిషను కూడా బోడి మూతితో లేదు.

"ఎవడు పెట్టమన్నాడురా? తీసెయ్ అన్నీ!"

మేస్త్రి గ్యాస్ కట్టరు వెలిగించి, పిడి ఆయన వైపు చాపాడు. "మీరే కొయ్యండి ఓనరు గారూ. పెట్టడం నా చేతనైంది. తియ్యడం నా వల్ల కాదు."

ఆయన చెయ్యి లేపాడు. మేస్త్రి కదల్లేదు. వెనకాల పనివాళ్లందరూ లేచి నిలబడ్డారు, ఎవడి చేతిలో ఉన్నది వాడి చేతిలోనే ఉంది. పూర్ణయ్యగారు ఆ సుత్తుల వైపు ఒకసారి, గేటు వైపు ఒకసారి చూశాడు. లేచిన చెయ్యి మెల్లగా దిగి జేబులోకి పోయింది. సరుకు ఆపితే సంఘంవాళ్లు వేరేచోటికి పోతారని ఆయనే గొణుక్కుంటూ గదిలోకి వెళ్లాడు.

లారీ ఎక్కించేముందు మళ్లీ ట్రయల్. ఈసారి సంఘంనుంచి మగవాళ్లెవరూ రామన్నారట. ఒక పాడి రైతు పెళ్లాం వచ్చింది, చేతినిండా గాజులతో. నేను తుక్కు కుప్పలోంచి చూస్తున్నాను. ఆమె మోపు విప్పింది, మోటారు వేశారు. గడ్డి బిగుసుకుంది. ఆమె అలవాటు చొప్పున ఒత్తింది, ఇంకా ఒత్తింది. మస్తాన్ మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. ఆమె గాజులు గార్డుకు తగిలి గల్లుమన్నాయి, ఒకటి చిట్లి కిందపడింది. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, పగిలిన గాజు చూసి, "అయ్యో, మొన్ననే వేయించుకున్నా" అంది.